ప్రార్థన మధ్యలో వెళ్లినవాడు

నంద్యాలలో మా వయసువాళ్లు కొందరు ఒక సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. క్రిస్మస్ పాటలకు తిరిగే ఒక రాత్రి, సంఘం పెద్దాయన ప్రార్థన చేస్తుండగా, హాస్టల్లో పెరిగిన ఒక కుర్రాడు తోటి అమ్మాయిని పెరటి తలుపు గుండా బయటికి తీసుకుపోయాడని. ఆ కుర్రాడు నా స్నేహితుడు. తీసుకుపోయింది అతను కాదు, నేను. ఇంత చిన్న మాట రాయడానికి నాకు సగం జీవితం పట్టింది. పేర్లు రాయడం లేదు. ఆ వీధివాళ్లకు పేర్లు అక్కర్లేదు, మిగతావాళ్లకు వాటితో పని లేదు.

తొంభైల చివర నేను నంద్యాలలో ఒక డీటీపీ షాపులో పనిచేసేవాణ్ని. మాది ఆళ్లగడ్డ. నాయన రాతి విగ్రహాలు చెక్కేవాడు. మా ఇంటి ముందర ఎప్పుడూ సగం చెక్కిన దేవుడో దేవతో వెల్లకిలా పడుకుని ఉండేది. నా చేతికి ఉలి పట్టుబడలేదు. కంప్యూటర్ నేర్చుకుంటానని చెప్పి వచ్చి, పెళ్లిపత్రికలు కంపోజ్ చేసే పనిలో కుదురుకున్నాను. స్టేషన్ దగ్గర మేడమీద ఒక గది దొరికింది. అందులో నాకంటే ముందే ఉన్నవాడు అతను.

అతను బియ్యం మిల్లులో గుమాస్తా. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే క్రైస్తవ హాస్టల్లో పెరిగాడు. వారమంతా అతని చొక్కా మీద తవుడు ఉండేది. ఆదివారం మాత్రం ఇస్త్రీ చొక్కా, భుజాన గిటార్. చర్చిలో పాటల బృందాన్ని నడిపేది అతనే. పండగ పూట ఎవరింట్లో తింటావని ఒకసారి అడిగాను.

"యాడ తినకుంటే ఆడ అలుగుతారప్పా. అదీ నా కష్టం" అన్నాడు, గొప్పగా నవ్వుతూ.

నిజంగానే అతనికి వేరే ఇల్లు లేదు. ఆ సంఘమే అతని చిన్నాయనలు, పెద్దమ్మలు, అక్కలు, బావలు. ఎవరింట్లో పెళ్లి జరిగినా గాడిపొయ్యి తవ్వే దగ్గర నుంచి విస్తర్లు ఎత్తేదాకా అతను ఉండాల్సిందే. అది పోతే అతనికి మిగిలేది బియ్యం మిల్లు, నేను.

నేను మా ఊరి భజనల్లో చిన్నప్పటి నుంచి డోలక్ వాయించేవాణ్ని. ఆ సంగతి తెలిసిన రోజే నన్ను పట్టుకున్నాడు.

"డిసెంబర్ నెలంతా మాకు డోలక్ మనిషి కావల్ల. రా."

"నేను మీ మతమోణ్ణి కాదు గదరా."

"డోలక్‌కు మతముందా? నువ్వు కొట్టు, మేం పాడతాం. తిండి మాత్రం బాగుంటాది, అది నా పూచీ."

ఆ రోజుల్లో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి కలిసి కూర్చునే చోటు నంద్యాలలో లేదు. సినిమాహాల్లో ఆడవాళ్ల వరస వేరు, బస్సులో సీట్లు వేరు. హోటల్లో కర్టెన్ కట్టిన ఫ్యామిలీ రూములో కూర్చుంటే సర్వరు ఇడ్లీ పెట్టేముందు మీరు ఎవరి పిల్లలని అడిగేవాడు. డేటింగ్ అనే మాట మేం వారపత్రికల్లో చదివి, ఎక్కడో వేరే మనుషులు చేసే పని అనుకునేవాళ్లం. కాని డిసెంబర్‌లో ఆ సంఘంలోని యువతీయువకులు తెల్లవార్లూ కలిసి తిరిగేవాళ్లు. పైగా పెద్దవాళ్లే పంపేవాళ్లు. వెదురుబొంగుకు కట్టిన కాగితం నక్షత్రం ముందు, పెట్రోమాక్స్ దాని వెనక, ఆ వెనక మేము. ఇంటింటికీ పోయి తలుపు తట్టి పాడాలి. పాటలయ్యాక పెద్దాయన ప్రార్థన, తర్వాత టీ, చెక్కిలాలు, నూనెలో వేయించిన గులాబీ పూల పిండివంట. బయల్దేరేటప్పుడు ఆడపిల్లలు ముందు, మగపిల్లలు వెనక. వీధి చివరికి వచ్చేసరికి ఎవరు ఎవరి పక్కన నడుస్తున్నారో చీకట్లో ఎవరికీ తెలిసేది కాదు. ఆ సంఘంలో సగం పెళ్లిళ్లు ఆ నడకల్లోనే కుదిరాయని అతను చెప్పేవాడు.

మా గుంపుతో పెద్దాయన కాక ఒక టీచరమ్మ వచ్చేది. స్త్రీల సంఘానికి ఆమె పెద్ద. చేతిలో పొడవాటి టార్చి. ఏ ఇంట్లోకి పోయినా చెప్పులు గడప బయట విడవాలి కదా. అందరూ బయటికి వచ్చి తొడుక్కున్నాక ఆమె గడప దగ్గర టార్చి వేసి చూసేది. జత మిగిలిందంటే మనిషి మిగిలినట్టు. ఏ మూలనో కునుకుతున్న పిల్లను లేపుకుని వచ్చేవాళ్లు. ఆమె టార్చి ఆర్పితేనే మేం కదలాలి.

ఆమె కూతురే ఆ అమ్మాయి. టీచర్ ట్రైనింగ్ చదివేది. ముందు వరసలో నిలబడి పాడేది. నాతో ఆమె మొదటి మాట తిట్టు.

"ఏమప్పా, రైలేమన్నా తప్పిపోతాదా? ఏంది అంత తొందర? మేం ఊపిరి తీసుకోవద్దా?"

తర్వాతి పాట నెమ్మదిగా వాయించాను. పాట మధ్యలో వెనక్కి తిరిగి చూసి, సరే అన్నట్టు తల ఊపింది. అప్పటి నుంచి నేను వాయించిందంతా ఆ తల ఊపడం కోసమే. పండగ అయిపోయాక చర్చి కరపత్రాలు అచ్చు వేయించే పని ఆమె తనమీద వేసుకుంది. మా షాపుకు వచ్చి ఒక్క కాగితంలో తప్పులు దిద్దడానికి గంట కూర్చునేది. మేం మాట్లాడుకునేవాళ్లం, అంతే. అప్పటికి అంతే చాలా ఎక్కువ.

రెండో డిసెంబర్ వచ్చింది. మా దారిలో ఒక ఇంటికి వంటగది వెనక పెరటి తలుపు ఉండేది, అది సన్నటి సందులోకి తెరుచుకునేది. పెద్దాయన ప్రార్థన వానలతో మొదలై, శనగ పంట, ఆస్పత్రిలో ఉన్నవాళ్లు, ప్రయాణాల్లో ఉన్నవాళ్లు, దేశాన్ని ఏలేవాళ్లు, అందరినీ చుట్టి వచ్చేది. అంతసేపూ అందరి కళ్లూ మూసి ఉంటాయి. ఆ వేళలో మేమిద్దరం చెప్పులు ముందు గడప దగ్గరే వదిలి, వట్టికాళ్లతో వెనక నుంచి జారుకుని, ఆమేన్‌కు ముందే వచ్చేసేవాళ్లం. రిహార్సళ్లకు ఆ ఇంట్లోనే కూడేవాళ్లం కాబట్టి అంతకుముందూ అట్లా చేశాం. నా స్నేహితుడికి తెలుసు. కళ్లు తెరిచి మాకు కాపలా కాసేవాడు.

"నీ కోసరం నేను ప్రార్థనలో కండ్లు తెరుస్తాండా. యాద్ పెట్టుకో" అన్నాడు ఒకసారి. నవ్వుతూనే అన్నాడు గాని, అది అతనికి చిన్న విషయం కాదని ఇప్పుడు అర్థమవుతోంది.

ఆ రాత్రి కూడా అట్లాగే జారుకున్నాం. సందులో ఒక గోడ వారగా రాళ్ల కుప్ప ఉంది, దాని మీద కూర్చున్నాం. చలికి ఆమె కొంగును చెవుల చుట్టూ చుట్టుకుంది.

"మా అమ్మతో ఎప్పుడు చెప్తావు?" అంది కూర్చుంటూనే.

"చెప్తా."

"పోయిన తూరి గూడ అదే అంటివి."

"మా నాయన సంగతి నీకు తెలీదు. ఆయన చేసేదే దేవుళ్ల పని."

"మా అమ్మ మాత్రం దయ్యాల పని చేస్తాందా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నవ్వులకు అన్లా నేను. ఈ పొద్దే చెప్పు. టీ తాగేటప్పుడు మా అమ్మ ఆడనే ఉంటాది. నువ్వు ఒక్క మాట మొదలుపెట్టు, మిగతాది నేను చెప్పుకుంటా."

"ఇంతమందిలోనా?"

"ఇంతమందిలో నా పక్కన నడిస్తివి గదా, చీకట్లో."

లోపల ఆమేన్ వినిపించింది. ఆ వెంటనే బెంచీలు జరుగుతున్న చప్పుడు. నేను లేచి నిలబడ్డాను.

"లెయ్, పోదాం."

"చెప్తానంటే లేస్తా."

"పిచ్చిదానా, ఇప్పుడు కాదు, లెయ్."

ఆమె కదలలేదు. మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకుని, నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని లేపాల్సింది. లేదా పక్కనే కూర్చుండిపోవాల్సింది. నేను పరుగెత్తాను. ఒక ఆడపిల్లను చీకటి సందులో ఒంటరిగా వదిలేసి, పెరటి తలుపు తోసుకుని వంటింట్లోకి వచ్చిపడ్డాను.

వంటింట్లో నా స్నేహితుడు టీ గ్లాసులు పళ్లెంలో సర్దుతున్నాడు.

"ఆ పిల్ల యాడ?"

"వస్తాది."

"ఒక్కదాన్నే వదిలి వస్తివా?"

"వస్తాదిలే అంటాంటే..."

పళ్లెం నా చేతుల్లో పెట్టి, వట్టికాళ్లతో పెరట్లోకి పోయాడు. అతని చెప్పులు కూడా ముందు గడప దగ్గరే ఉన్నాయి మరి. నేను ఆ పళ్లెం పట్టుకుని హాల్లోకి పోయి అందరికీ టీ ఇచ్చాను. పెద్దాయనకు ఇచ్చాను. ఆమె తల్లికి ఇచ్చాను. ఆమె "దీవెనలు నాయనా" అంది.

టీలయ్యాక అందరం బయటికి వచ్చాం. నేను నా చెప్పులు తొడుక్కుని, డోలక్ మెడలో వేసుకుని గుంపులో నిలబడ్డాను. టీచరమ్మ గడప మీద టార్చి వేసింది. రెండు జతలు మిగిలాయి. ఒకటి ఆమె కూతురిది. రెండోది అతనిది, మిల్లు తవుడు పట్టిన తోలు చెప్పులు, ఎవరివో అందరికీ తెలుసు. టార్చి వెలుగు ఆ రెండు జతల మీద అట్లాగే ఉండిపోయింది.

అప్పుడు సందు మలుపు నుంచి వాళ్లిద్దరూ వచ్చారు. అతను ముందు, కాస్త దూరంలో ఆమె. ఇద్దరి కాళ్లకూ మట్టి.

"ఎవరితో పోయింటివి?" అంది తల్లి.

ఆమె నా వైపు చూసింది. అతనూ నా వైపే చూశాడు. బెదిరింపుగా కాదు. బస్సులో పక్కవాడు సీటు జరుపుతాడని ఎదురుచూస్తున్నట్టు, మామూలుగా. నేను తల వంచుకుని డోలక్ తాళ్లు బిగించడం మొదలుపెట్టాను. అవి బిగుతుగానే ఉన్నాయి.

"నువ్వేనా?" అన్నాడు పెద్దాయన అతనితో. "ప్రార్థన నడుస్తాంటే లేచి పోయినావా?"

నిజం చెబితే నా పేరు చెప్పాలి. అది నేను చెప్పుకోవాల్సిన పేరని అతను ఆగాడు. చాలాసేపు ఆగాడు.

"ఆయప్ప కాదు" అంది ఆమె. తల్లి ఆమెను చెంపమీద కొట్టింది. కాదు అన్నందుకే అందరూ అవును అనుకున్నారు.

అమ్మాయితో మాట్లాడినందుకు ఆ సంఘంలో ఎవర్నీ వెలివేయరు. తిట్టి, రెండు నెలలు చూసి, పెళ్లి మాట ఎత్తుతారు. వాళ్లు క్షమించలేనిది ప్రార్థన మధ్యలో పోవడం. తాము పెంచిన పిల్లవాడు తాము కళ్లు మూసుకున్న సమయం చూసుకుని వెళ్లాడన్నది. ఇది నాకు అప్పుడు తెలియదు. మరో నాలుగు రోజులకు చల్లబడుతుందని అనుకున్నాను. అట్లా అనుకోవడం నాకు వీలుగా ఉంది కాబట్టి అనుకున్నాను.

గదికి వచ్చాక అతను కాళ్లు కడుక్కుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అటు తిరిగే అన్నాడు.

"నువ్వు చెప్తావనుకుంటి."

"రేపు చెప్తా రా."

"ఊఁ."

ఆ ఊఁ తర్వాత మా మధ్య పెద్ద మాటలేవీ లేవు. పండగనాడు అతను చర్చికి పోయి తొందరగానే వచ్చేశాడు. గిటార్ సంచి విప్పలేదు. ఆ మధ్యాహ్నం మేమిద్దరం స్టేషన్ ఎదురుగా హోటల్లో భోజనం చేశాం. పండగ పూట అతను హోటల్లో తినడం నేను చూడటం అదే మొదలు. పెరుగు వేసుకుంటూ, "ఉప్పెక్కువయింది" అన్నాడు. అంతే. సంక్రాంతి దాటకముందే పెట్టె సర్దుకుని కోయిలకుంట్ల వెళ్లిపోయాడు.

ఆమె ఒకసారి మా షాపుకు వచ్చింది. యజమాని కౌంటర్ దగ్గరే ఉన్నాడు. పత్రికల నమూనాలు చూపించమంది. ఆల్బం తెరిచి ముందు పెట్టాను. అది తిప్పుతూ, గొంతు తగ్గించి అడిగింది.

"చెప్పినావా?"

"చెప్తా."

"ఆయప్ప ఊరిడిచిపెట్టి పోయినాడంట గదా."

నేను యజమాని వింటున్నాడేమోనని కౌంటర్ వైపు చూశాను.

"నా కోసరం చెప్పకపోయినా సరే, ఆయప్ప కోసరమన్నా చెప్తావనుకుంటి" అంది. ఆల్బం మూసి, యజమానితో "నచ్చలేదన్నా" అని చెప్పి వెళ్లిపోయింది. తర్వాత ఆమెకు ఉద్యోగం వచ్చి, పెళ్లయి, కడప వైపు పోయిందని విన్నాను.

నేను ఆళ్లగడ్డ తిరిగి వచ్చేశాను. అన్న విగ్రహాల అంగడి చూసుకుంటే, నేను శిలాఫలకాల మీద అక్షరాలకు కంప్యూటర్‌లో అచ్చులు తీసి ఇచ్చేవాణ్ని. పెళ్లయింది, పిల్లలు పుట్టారు. ఇంట్లో ఏ లోటూ లేదు. కాని సాయంత్రం అంగడి కట్టేశాక ఫలానావాడి దగ్గరికి పోయి కూర్చుందాం అనుకోవడానికి మనిషి లేడు. పలకరించేవాళ్లు ఉన్నారు. మాట కాస్త దగ్గరగా వచ్చేసరికి నేనే లేచి వచ్చేసేవాణ్ని. ఎవరైనా నన్ను నమ్మడం మొదలుపెడితే నాకు భయం వేసేది.

కొన్నేళ్లకు, అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాక, ఒక సాయంత్రం పనిమీద నంద్యాల పోయి బేకరీలో కూర్చున్నాను. పక్క బల్ల దగ్గర కాలేజీ పిల్లలు, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి, ఒకే కేకులో చెంచాలు పెట్టి తింటున్నారు. ఒకడి ఫోన్ మోగింది.

"రేయ్, మీ అమ్మరా."

"నువ్వు మాట్లాడు మామా, నీకు దండం పెడతా."

"ఆంటీ, వీడు నాతోనే ఉండాడు ఆంటీ. సదువుకుంటాండాం. ఆ... ఆ... అన్నం కూడా తిన్లా, అంత సదువు."

అమ్మాయిలు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు. మాట్లాడినవాడు ఫోన్ పెట్టేసి, "నా పేరు చెడగొట్టినావు గదరా, ఇంగో కేకు చెప్పు" అన్నాడు. నా టీ చల్లారిపోయింది. పక్క బల్ల వైపు చూడలేక, డబ్బులు బల్లమీద పెట్టి లేచాను.

మరుసటి ఆదివారం కోయిలకుంట్ల పోయాను. అతను అక్కడ ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తున్నాడని మిల్లువాళ్ల ద్వారా విన్నాను. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు, గోడ మీద ట్యూషన్ బోర్డు, కింద సెల్ నంబర్. అతను వాకిట్లో కుర్చీ వేసుకుని పేపర్లు దిద్దుతున్నాడు. నన్ను చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు. తలుపు పక్కనున్న స్టూలు చూపించాడు.

"ఏమప్పా, ఇంత దూరం."

నేను చెప్పాల్సిందంతా చెప్పాను. దారంతా వల్లె వేసుకున్నదే. అతను ఎర్ర పెన్ను మూత పెట్టి విన్నాడు.

"అయిపాయనా?"

"ఊఁ."

"ఇదంతా నాకెందుకు చెప్తాండావ్? నాకు తెలుసు గదా."

నేను తల దించుకున్నాను.

"నేను ఈడ ఏ చర్చికీ పోను. పోతే ఎవరో ఒకరు నంద్యాలోళ్లు ఉంటారు. చూసి పక్కకు జరుగుతారు. నేను చచ్చినా వాళ్లకు నేను ఆ రాత్రి మనిషినే. నీకు చెప్పాలని ఉంటే ఆడ చెప్పు. లేదంటే బస్సుకు టైమయితాంది, పో."

బయటికి వస్తూ బోర్డు మీది నంబర్ ఫోన్‌లోకి ఎక్కించుకున్నాను. ఆ తర్వాత ఏడాది పైన గడిచింది. నంబర్ ఫోన్‌లో ఉంది. నేను నంద్యాల పోతూనే ఉన్నాను, ఆ వీధి తప్పించి. ఇంత జరిగాక కూడా ఏడాది పైన. ఇదీ రాయాలి.

చివరికి ఒక నవంబర్ మధ్యాహ్నం టీచరమ్మ ఇంటి తలుపు తట్టాను. పెద్దాయన అప్పటికే పోయారు. ఆమె జుట్టు పూర్తిగా నెరిసింది. లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, నీళ్లిచ్చింది.

"నువ్వు ఎవరి తాలూకు నాయనా?"

"డోలక్ వాయించేవాణ్ణమ్మా, ఆ రోజుల్లో."

"ఎవరో ఉండేవాళ్లులే" అంది. ఆమెకు నేను గుర్తే లేను. అతను ఆమెకు అన్నేళ్లూ గుర్తున్నాడు. నేను లేను.

చెప్పాను. ఈసారి వల్లె వేసుకోలేదు, అడ్డదిడ్డంగా వచ్చింది. పెరటి తలుపు, రాళ్ల కుప్ప, నేను పరుగెత్తడం, నేనే ఆమెకు టీ ఇవ్వడం. ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. నన్ను చూడనే లేదు.

"ఆ పిల్లోడు మా ఇంటికి వచ్చినాడు" అంది, గోడకేసి చూస్తూ. "ఊరిడిచిపెట్టే ముందర. అమ్మా, ఒక్క మాట, అని తలుపు కొట్టినాడు. నేను లోపలే ఉండి తియ్యలా. మా పాప ఏడ్చి మొత్తుకుంటాంటే దాని నోరు మూయించినా. నా చేతి అన్నం తిని పెరిగిన పిల్లోడు."

ఆ సంగతి నాకు తెలియదు. అతను ఎప్పుడూ చెప్పలేదు.

"ఇప్పుడు యాడుండాడు?"

చెప్పాను. నంబర్ ఉందా అంది. నా ఫోన్‌లో నంబర్ తీసి, నొక్కి, ఆమె చేతికి ఇచ్చాను. అవతల అతను ఎత్తినట్టున్నాడు. ఆమె తన పేరు చెప్పలేదు. "నేను నాయనా, అమ్మను" అంది. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని కూర్చుంది. అవతల నుంచి సన్నగా అతని గొంతు వినబడుతోంది, మాటలు తెలియడం లేదు. నేను లేచి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. వీధిలో ఎవరో తోపుడుబండి మీద బట్టలు ఇస్త్రీ చేస్తున్నారు. లోపల ఆమె ఒకసారి ఏడ్చింది, ఒకసారి ఏదో తిట్టింది, ఒకసారి నవ్వింది. "గిటారుందా, అమ్మేస్తివా?" అని అడగడం వినిపించింది. "ఈ తూరి పాటలకు నువ్వు రావల్ల. ప్రతి ఇంట్లో నేనే చెప్తా. నువ్వు నా పక్కన నిలబడు చాలు" అంది.

చాలాసేపటికి ఫోన్ కొంగుతో తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"వస్తాడంట" అంది.

నేను చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాను. అతను ఫోన్ పెట్టేసి ఉన్నాడు.

"నువ్వు మాత్రం రావద్దు నాయనా" అంది. కోపంగా అనలేదు. తలుపు రెక్క పట్టుకుని, నేను మెట్లు దిగడం కోసం ఆగి ఉంది.

"సరేనమ్మా" అన్నాను.